అక్టోబరులో డాలీ సాడ్స్‌లో టెంట్ వేస్తున్నారా? ఎలుగుబంటి కంటే ముందు బూట్ల సంగతి చూసుకోండి

అక్టోబరు రెండో వారాంతంలో నలుగురు స్నేహితులు అమెరికాలోని వర్జీనియా నుంచి డాలీ సాడ్స్ అనే కొండ ప్రాంతానికి వెళ్ళి రెండు రాత్రులు టెంట్లలో ఉందామనుకుంటున్నారు, ఇలా వెళ్ళడం మొదటిసారి, ఎలుగుబంట్లంటే భయం, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి అని అడిగారు కదా. ఎలుగుబంటి సంగతి చివర్లో చెప్తాను. ముందు మీ బూట్లు, సాక్సుల గురించి మాట్లాడుకుందాం.

మొదటిసారి వెళ్ళినప్పుడు మాదీ ఇదే భయం. మా ఆయనైతే మూడు గంటల దారంతా బేర్ స్ప్రే, అంటే ఎలుగుబంటి మీదికొస్తే కొట్టే కారం స్ప్రే, ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నారు. ఇంటి దగ్గర బయల్దేరినప్పుడు చక్కటి ఎండ. డాలీ సాడ్స్‌లో బేర్ రాక్స్ అనే చోట కారు దిగేసరికి పొగమంచు, చెవులు పట్టేసే గాలి. డాలీ సాడ్స్ అంటే వెస్ట్ వర్జీనియాలో సుమారు 4,000 అడుగుల ఎత్తున, పైన బల్లపరుపుగా ఉండే కొండ. పడమటి గాలికి అక్కడ అడ్డనేదే లేదు. రెడ్ స్ప్రూస్ చెట్లు కనిపిస్తాయి, గమనించండి. కొమ్మలన్నీ తూర్పు వైపే ఉంటాయి, పడమటి వైపు బోడిగా ఉంటుంది. టెంట్ వాకిలి ఎటు పెట్టకూడదో ఆ చెట్లే చెప్తాయి. వాతావరణం చూసుకునేటప్పుడు మీ ఊరిది కాదు, ఆ కొండ మీదిది చూడండి.

అందం గురించి ఎంత చెప్పినా తక్కువే. హకుల్‌బెర్రీ, బ్లూబెర్రీ పొదలన్నీ ఎరుపెక్కి, కొండంతా కుంకుమ ఆరబోసినట్టుంటుంది. పైన రంగులు సెప్టెంబరు ఆఖరు నుంచే మొదలవుతాయి కాబట్టి మీరు వెళ్ళేసరికి కొంత రాలిపోయి ఉండొచ్చు. కింద లోయల్లో మాత్రం బాగుంటుంది.

ఇక బూట్లు. మేం మ్యాప్ చూసి డాబిన్ గ్రేడ్ అనే దారి పట్టాం. గీత గీసినట్టు ఉంది, చదునుగా ఉంది, హాయిగా నడిచేయొచ్చు అనుకున్నాం. చదునుగా ఎందుకు ఉండదు, ఒకప్పుడు కలప మోసిన రైలు కట్ట అది! వందేళ్ళ కిందట అక్కడి అడవంతా నరికేశారు, ఆ తర్వాత మంటలొచ్చి పైమట్టి కూడా కాలిపోయింది. ఇప్పుడు ఆ దారిలో సగం బురదే. చూడ్డానికి మెత్తటి నాచు, అడుగు వేస్తే మోకాలి దాకా దిగబడ్డాను. నాట్లప్పుడు అమ్మమ్మ వాళ్ళ చేలో దిగడం గుర్తొచ్చింది, కానీ అక్కడ ఎండ ఉండేది. ఇక్కడ తడిసిన జీన్స్, తడిసిన సాక్సులు, ఆరు ముప్పావుకల్లా చీకటి. ఆ రాత్రి చలి 36 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఆగింది, అంటే గడ్డకట్టేంత కూడా కాదు. అయినా మాతో వచ్చిన కుర్రాడికి పళ్ళు టకటకలాడి మాట తడబడటం మొదలైంది. తడి బట్టలు విప్పించి, పొడివి వేయించి, స్లీపింగ్ బ్యాగ్‌లో దూర్చి, తీయటి టీ తాగించాక గానీ తేరుకోలేదు. నాకు జీవితంలో అంత టెన్షన్ ఎప్పుడూ లేదు.

అందుకే చెప్తున్నాను, జీన్స్, కాటన్ బనియన్లు ఇంట్లో వదిలేయండి. ఊలు గానీ, త్వరగా ఆరే పాలియెస్టర్ గానీ వేసుకోండి. ఒక జత బట్టలు, రెండు జతల ఊలు సాక్సులు చెత్త సంచిలో మూతి కట్టి, టెంట్‌లో పడుకునేటప్పుడు తప్ప తీయకండి. పొద్దున్నే తడి సాక్సులే మళ్ళీ తొడుక్కోవాలి. ఏడుపొస్తుంది, కానీ పొడివి రాత్రికి దాచుకోవాలి.

మేం చేసిన ఇంకో తప్పు స్లీపింగ్ బ్యాగ్ మీద డబ్బు పోసి, కింద పరిచే మ్యాట్ మీద పిసినారితనం చూపించడం. యోగా మ్యాట్ పట్టుకెళ్ళాం! నేల చలి వెన్నులోంచి లాగేస్తుంది. మ్యాట్ మీద ఆర్ విలువ (R-value) అని రాసి ఉంటుంది, నేల చలిని ఎంత బాగా ఆపుతుందో చెప్పే అంకె అది, 4కు తక్కువ కాకుండా చూసుకోండి. ఒక్కసారికి కొనడం దండగ అనుకుంటే అద్దెకిచ్చే దుకాణాలున్నాయి. చలి అని టెంట్ గాలి కంతలన్నీ మూసేయకండి, మన ఊపిరే నీళ్ళై తెల్లారేసరికి మీద కారుతుంది. ఆ కంతలు ఉన్నాయి కదా అని టెంట్ లోపల మాత్రం పొయ్యి వెలిగించొద్దు.

రెండో రాత్రి వాన పట్టుకుంది. రెడ్ క్రీక్ వాగు ఒడ్డున గుడారం, కారు ఉన్న రోడ్డేమో వాగుకు అటువైపు. ముందు రోజు రాళ్ళ మీద గెంతుకుంటూ దాటిన వాగు పొద్దున్న తొడల దాకా పరుగులు పెడుతోంది. సోమవారం ఆఫీసు అని మావాళ్ళలో ఒకరు దాటేద్దామన్నారు. నేను ససేమిరా అన్నాను. సాయంత్రం దాకా కూర్చున్నాం, నీళ్ళు తగ్గాక దాటాం. ఒక రోజు తిండి, ఒక రోజు సెలవు అదనంగా పెట్టుకుని వెళ్ళండి. ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో రాసి పెట్టండి. కాగితం మ్యాప్ తప్పనిసరి, దారి చూపే బోర్డులు అంతంత మాత్రమే.

వాగు నీళ్ళు డికాక్షన్ రంగులో ఉంటాయి, భయపడకండి, అది నాచు, ఆకుల రంగు. ఫిల్టర్ చేసే తాగాలి. ఆ ఫిల్టర్ రాత్రి గడ్డకడితే లోపల చిట్లి పనికిరాకుండా పోతుంది, పక్కలో పెట్టుకుని పడుకోండి. గ్యాస్ డబ్బా కూడా అంతే. వట్టి బ్యూటేన్ సున్నా సెల్సియస్ దగ్గర ఆవిరి కాదు, పొయ్యి వెలగదు. ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిపినది కొనండి.

తిండికి మరీ కష్టపడకండి. ఇంట్లోనే పోపు వేసి వేయించుకున్న ఉప్మా రవ్వ, అటుకులు, కందిపొడి, చిన్న డబ్బాలో నెయ్యి. వేణ్ణీళ్ళు ఉంటే చాలు. ఆవకాయ సీసా మాత్రం వద్దు, మాది బ్యాగ్‌లో ఒలికి, స్లీపింగ్ బ్యాగ్ ఇప్పటికీ వాసనొస్తుంది.

ఇంకో సంగతి. రెండో ప్రపంచ యుద్ధంలో, 1943-44లో, సైన్యం అక్కడ మోర్టార్ గుండ్లు పేల్చే శిక్షణ జరిపింది. 1997లో వెతికితే పేలని గుండ్లు దొరికాయి కూడా. దారి వదిలి పొదల్లోకి పోకండి, ఇనుప గొట్టంలా ఏదైనా కనిపిస్తే ముట్టుకోవద్దు. అది వేట కాలం కూడా, ఒంటి మీద నారింజ రంగు ఏదో ఒకటి ఉండాలి.

ఇక ఎలుగుబంటి. అక్కడున్నవి నల్ల ఎలుగుబంట్లు, మనిషి అలికిడి వింటే ఎక్కువగా అవే తప్పుకుంటాయి. తిండి, టూత్‌పేస్ట్, చెత్త అన్నీ ఒక సంచిలో వేసి, టెంట్‌కు దూరంగా, చెట్టు కొమ్మకు పన్నెండడుగుల ఎత్తున తాడుతో వేలాడదీయండి. మేం మూడుసార్లు వెళ్ళాం, ఒక్కటీ కనపడలేదు. కాకపోతే మా ఆయన జేబులో మర్చిపోయిన పల్లీ పట్టీ కోసం రాత్రి ఎలుక వచ్చి, టెంటూ జాకెట్టూ రెండూ కొరికి పోయింది. బేర్ స్ప్రే ఆయన తల పక్కనే ఉంది.