చూసింది వేరు, అనుకున్నది వేరు

గుంటూరు

అమ్మలూ,

నిన్ను ఆర్మీలో మ్యాపులు, ఏరియల్ ఫోటోలు చదివే పనిలో వేశారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. చాలా సంతోషం. 1971 యుద్ధంలో నేను చేసిందీ ఇదే పని కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

ఫోటోని ఎప్పుడూ నీడలు నీ వైపు పడేలా పెట్టుకో. తిరగేస్తే గుట్ట గుంటలా, గుంట గుట్టలా కనిపిస్తుంది. పైనుంచి చూస్తే గడ్డివాము, వల కప్పిన లారీ రెండూ ఒకటే మచ్చ. తేడా నీడలో తెలుస్తుంది. వాము నీడ కొసకి వచ్చేసరికి సన్నబడుతుంది, లారీ నీడకి మూలలుంటాయి. ఆ తర్వాత దాని దగ్గరికి వచ్చిన దారి చూడు. పొలంలో వాము దగ్గరికి బరువైన చక్రాల జాడలు కొత్తగా ఎందుకు పడ్డాయి? కప్పడానికి నరికిన కొమ్మలు వాడిపోతాయి. ఇన్‌ఫ్రారెడ్ కలర్ ఫిల్మ్‌లో పచ్చని చెట్టు ఎర్రగా వస్తుంది, వాడిన కొమ్మకి ఆ ఎరుపు రాదు.

స్కేలు నువ్వే లెక్కకట్టు. లెన్స్ ఫోకల్ లెంగ్త్ 6 అంగుళాలు, నేల నుంచి విమానం ఎత్తు 15,000 అడుగులైతే, ఎత్తుని ఆ అర అడుగుతో భాగించు, 1:30,000 వస్తుంది. అంటే ఫోటోలో ఒక సెంటీమీటరు నేల మీద 300 మీటర్లు. పైలట్ చెప్పే ఎత్తు సముద్రమట్టం నుంచైతే నేల ఎత్తు తీసేయాలి. తర్వాత తెలిసిన కొలతతో సరిచూసుకో. మన ప్రకాశం బ్యారేజీ సుమారు 1,223 మీటర్లు, ఆ ఫోటోలో అది 4 సెంటీమీటర్ల పైన కాస్త ఉండాలి.

మ్యాపు షీటు చేతికి రాగానే సర్వే ఏ సంవత్సరం చేశారో చూడు. తూర్పు బెంగాల్ నదులు ఒడ్లు కోసుకుంటూ పోతాయి, షీటులో ఊరున్న చోట ఫోటోలో నీళ్ళుండేవి. మన కృష్ణలో లంకలే వరద వరదకీ మారడం లేదూ?

అసలు చెప్పాల్సింది రిపోర్టు గురించి. పైవాళ్ళు టెన్షన్‌లో ఉంటారు. "ఫిరంగులున్నాయా లేవా, ఒక్క ముక్కలో చెప్పు" అంటారు. నువ్వు మాత్రం "వల కింద పొడవాటి వస్తువులు రెండు, పక్కన కొత్త జాడలు" అని చూసింది ఒక లైన్లో రాయి. "ఫిరంగులు కావచ్చు" అన్నది దాని కింద వేరే లైన్లో రాయి. ఖాయం, బహుశా, కావచ్చు, ఈ మూడింటినీ ఎప్పుడూ కలపకు. ఎంత పెద్ద ఆఫీసరు అడిగినా సరే. ఆ కాగితాన్ని నమ్మి చీకట్లో నడిచేది ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళమ్మా.

నీకంటే ముందు చూసినవాళ్ళు రాసిన పేరునీ ఊరికే ఒప్పుకోకు. జర్మనీలోని పీనెముండె ఫోటోల్లో ర్యాంపుల్ని మొదట పూడిక తీసే పనికి సంబంధించినవే అనుకున్నారు. 1943లో ఇంగ్లండ్‌లో కాన్‌స్టెన్స్ బాబింగ్టన్ స్మిత్ అనే ఆవిడ మళ్ళీ ఓపిగ్గా చూసి, ర్యాంపు మీద బుల్లి విమానాన్ని పట్టుకుంది. అది వి-1 ఎగిరే బాంబు. ఆవిడ అంటే నాకు ఇప్పటికీ ఎంతో గౌరవం.

కళ్ళు జాగ్రత్త. రెండు ఫోటోల్ని కలిపి ఎత్తుపల్లాలు చూపించే స్టీరియోస్కోప్ అయినా, స్క్రీన్ అయినా మధ్యమధ్యలో లేచి దూరంగా ఉన్నదేదైనా చూడు.

సెలవుల్లో వచ్చినప్పుడు టోపోషీటు (ఎత్తుపల్లాలు చూపే మ్యాపు) పట్టుకుని కొండవీడు కొండ ఎక్కుదాం. కాంటూర్లు, అంటే ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు, దగ్గరదగ్గరగా పడిన చోట నేల ఎంత నిటారుగా ఉంటుందో నీ కాళ్ళకి తెలియాలి.

తాతయ్య