వచన కవితలో గణాలు కుదరకపోతే ఏం చూడాలి?

సందేహం: కవి దేవరకొండ బాలగంగాధర తిలక్ రాసిన 'నా కవిత్వం' బ్లాంక్ వర్సే కదా! అందులోని ఛందస్సు, ప్రాస, పునరుక్తి విశ్లేషించి రాయమన్నారు. గురులఘువులు గుర్తించి చూశాను, ఏ గణమూ కుదరడం లేదు. 'నా అక్షరాలు' అని చివరి మూడు పాదాల్లోనూ అనడం పునరుక్తి దోషం కాదా? – ఒక ఎం.ఏ. విద్యార్థిని

సమాధానం: మిల్టన్ 'పారడైజ్ లాస్ట్' బ్లాంక్ వర్స్. అందులో అంత్యప్రాస లేదు గానీ ప్రతి పాదానికీ లయ కొలత ఉంది. తిలక్ కవితలో ఆ కొలత కూడా లేదు, అది వచన కవిత. కాబట్టి గణాలు కుదరలేదని టెన్షన్ పడకండి. అలాగని గురులఘువులు గుర్తించడం మానేయకండి. గణాల పేర్లు పక్కన పెట్టి, మాట మాటకూ ఎన్ని మాత్రలో (లఘువుకు ఒకటి, గురువుకు రెండు) లెక్కపెట్టండి.

మాత్రాఛందస్సు ఉన్నచోట ఆ లెక్క వెంటనే తేలిపోతుంది. శ్రీశ్రీ 'మహాప్రస్థానం' గేయాన్ని వచన కవిత అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 'మరోప్ర – పంచం', 'పదండి – ముందుకు', 'పోదాం – పోదాం': అన్నీ నాలుగేసి మాత్రలే. అది కొలిచి రాసిన గేయం.

ఇప్పుడు తిలక్ దగ్గరికి వద్దాం. మీరు అడిగిన ఆ చివరి మూడు పాదాలు ఇవి: 'నా అక్షరాలు కన్నీటి జడులలో తడిసే దయాపారావతాలు / నా అక్షరాలు ప్రజాశక్తుల వహించే విజయ ఐరావతాలు / నా అక్షరాలు వెన్నెల్లో ఆడుకునే అందమైన ఆడపిల్లలు'. 'కన్నీటి జడులలో తడిసే దయాపారావతాలు'లో వరసగా 5, 5, 4 మాత్రలు నడిచి, చివరి సమాసం ఒక్కటే 11 మాత్రలు సాగింది. అడుగు ఎక్కడా కుదురుగా పడదు. మూడో పాదం చూడండి: 'వెన్నెల్లో' 6, 'ఆడుకునే' 6, 'అందమైన' 6, 'ఆడపిల్లలు' 7. ఆడపిల్లల ఆట గురించి చెప్పే చోటే నడక సమం అయింది. కవి లెక్కపెట్టి రాశాడని నేను అనను. చెవి చేసిన పని అది. బయటికి చదివితే మీకూ వినిపిస్తుంది.

ప్రాస విషయంలో విద్యార్థులు తరచూ ఒక పొరపాటు చేస్తారు. పాదాలన్నీ 'లు'తో ముగిశాయి కాబట్టి అంత్యప్రాస అని రాసేస్తారు. 'లు' బహువచన ప్రత్యయం. తెలుగులో నాలుగు వస్తువుల పేర్లు చెబితే నాలుగు 'లు'లు వాటంతట అవే వస్తాయి, అందులో కవి ప్రతిభ ఏమీ లేదు. అసలైన ప్రాస 'దయాపారావతాలు', 'విజయ ఐరావతాలు' మధ్య ఉంది. ప్రత్యయానికి ముందున్న 'రావతా' కూడా కలిసింది. రెండు పాదాలు అలా కలిశాక చెవి మూడోసారి కూడా అదే మోతకు సిద్ధంగా ఉంటుంది. కవి దాన్ని వదిలేసి 'ఆడపిల్లలు' అన్నాడు. సంస్కృత సమాసాలు పోయి వాడుక మాటలు వచ్చాయి. చివరి ప్రాస స్థానంలో 'ఆడుకునే', 'ఆడపిల్లలు' అని మాటల మొదట్లోనే పోలిక పెట్టాడు. ఆ మూడు పాదాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే.

ఇక పునరుక్తి. ప్రయోజనం లేకుండా చెప్పిందే చెబితే దోషం. ఇక్కడ 'నా అక్షరాలు' మారదు, దాని వెనక వచ్చేది మారుతుంది. కన్నీట తడిసిన పావురం, ప్రజాశక్తుల్ని మోసే విజయపు ఏనుగు, వెన్నెల్లో ఆడపిల్లలు. ఇంత దూరం దూరంగా ఉన్న మూడింటినీ ఒక్కచోట నిలిపింది ఆ రెండు మాటలే. పైగా ఛందస్సు లేని కవితలో పాదం మళ్లీ మొదలైందని చెవికి చెప్పేదీ అవే. తీసేసి చదివి చూడండి, మూడు పోలికల జాబితా మిగులుతుంది.

ఇంకో సంగతి కూడా మీ జవాబులో చేర్చండి. పద్యంలో అయితే రెండు అచ్చుల మధ్య 'య' చేరి 'నా యక్షరాలు' అని యడాగమం, 'అ', 'ఐ' కలిసి 'విజయైరావతాలు' అని వృద్ధిసంధి వచ్చేవి. తిలక్ రెండు చోట్లా విడిగానే ఉంచాడు. దానివల్ల 'అక్షరాలు'కు ముందు చిన్న విరామం వచ్చి ఆ మాట మీద ఊనిక పడుతుంది. 'ఐ' కూడా 'యై'లో కలిసిపోకుండా పూర్తిగా పలుకుతుంది.