కాంతి ఉత్ప్రేరకాలపై పరిశోధన చేస్తే ఉపాధి ఉంటుందా?

ప్రశ్న: బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. కాంతి పడితే చురుకయ్యే ఉత్ప్రేరక కణాలతో నీటిలోని కాలుష్యాలను తొలగించడంపై ఎమ్మెస్సీ తర్వాత పరిశోధన చేయాలని ఉంది. ఇంత చిన్న అంశాన్ని నమ్ముకుంటే ఉద్యోగం రాదేమోనని ఇంట్లో భయపడుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఇంట్లోవారి భయం అర్థం లేనిది కాదు. ఈ అంశం పేరుతో నేరుగా వెలువడే ఉద్యోగ ప్రకటనలు తక్కువే. అయినా నేను మిమ్మల్ని వద్దనను. ఈ పరిశోధనలో మీరు ఏ పనిలో నైపుణ్యం సాధిస్తారన్నదే మీ ఉపాధిని నిర్ణయిస్తుంది.

1972లో జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా ఇలాంటి ఉత్ప్రేరకమైన టైటానియం డయాక్సైడ్‌పై కాంతిని ప్రసరింపజేసి నీటిని విడగొట్టవచ్చని చూపారు. 1977లో ఫ్రాంక్, బార్డ్ అనే శాస్త్రవేత్తలు అదే పదార్థపు పొడితో నీటిలోని సైనైడ్‌ను ఆక్సీకరణం చేయవచ్చని నిరూపించారు. కాంతి పడినప్పుడు కణంలో ఎలక్ట్రాన్, దాని స్థానంలో ధనావేశపు ఖాళీ ఏర్పడతాయి. అవి మళ్లీ కలిసిపోయేలోపు ఉపరితలాన్ని చేరగలిగితే, నీటి నుంచి, ఆక్సిజన్ నుంచి పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్ వంటి అతి చురుకైన కణాలు కర్బన కాలుష్యాలను ముక్కలు చేస్తాయి. చిక్కేమిటంటే, అనటేజ్ అనే స్ఫటిక రూపంలోని టైటానియం డయాక్సైడ్‌కు సుమారు 3.2 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి, అంటే అతినీలలోహిత కాంతి కావాలి. సూర్యకాంతిలో అది దాదాపు 5 శాతమే. అందుకే మామూలు వెలుగులో పనిచేసే బిస్మత్ వనాడేట్ వంటి పదార్థాల కోసం ఇన్ని ప్రయోగశాలలు శ్రమిస్తున్నాయి.

కొత్త పొడి తయారుచేసి మిథిలీన్ బ్లూ రంగు పోయిందని చూపడంతో ఆగిపోయే పరిశోధనలు చాలా ఉన్నాయి. మీరు అక్కడ ఆగవద్దు. నీలి ద్రావణంలో పొడి కలిపి, ముందు చీకటిలో అరగంట తిప్పి, అధిశోషణం (రంగు పొడి ఉపరితలానికి అంటుకోవడం) స్థిరపడ్డాకే దీపం వెలిగించాలి. నిర్ణీత వ్యవధుల్లో కొద్దికొద్దిగా నమూనా తీసి, సెంట్రిఫ్యూజ్‌లో పొడిని వేరుచేసి, ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుంటుందో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్‌లో, ఈ రంగు బాగా పీల్చుకునే 664 నానోమీటర్ల దగ్గర చూడాలి. రీడింగ్ సున్నాకు దిగినా, రంగు విరిగిన ముక్కలు నీటిలోనే ఉండవచ్చు. మొత్తం కర్బన పరిమాణం కొలిస్తే, క్రొమటోగ్రఫీతో ముక్కలను విడదీసి మాస్ స్పెక్ట్రోమెట్రీతో అవేమిటో గుర్తిస్తే తప్ప నీరు శుభ్రమైందో లేదో తేలదు. ఈ కొలతలు నేర్చినవారికి నీటి శుద్ధి, ఔషధ తయారీ, పర్యావరణ పరీక్షల రంగాల్లో పని ఉంటుంది. మీ ఇంట్లోవారికి నేను ఇచ్చే సమాధానం ఇదే.

కనుక గైడును ఎంచుకునేటప్పుడు రెండు విషయాలు అడగండి. ఆ పరికరాలను విద్యార్థులే స్వయంగా వాడతారా? ప్రయోగాలు స్వేదన జలంతోనే ముగుస్తాయా, లేక అసలైన మురుగునీటిపైనా జరుగుతాయా? నిజమైన నీటిలోని బైకార్బొనేట్లు రాడికల్స్‌ను మింగేస్తాయి, పని పూర్తయ్యాక నానో కణాలను తిరిగి వడగట్టడమూ కష్టమే. ఈ రెండు సమస్యలతో తలపడే ప్రయోగశాల దొరికితే, పేరు చిన్నదైనా అక్కడే చేరండి.

దరఖాస్తుకు ముందు ఒక సెలవుల కాలం ఏదైనా ప్రయోగశాలలో గడపండి. పై ప్రయోగాన్నే పొడి లేకుండా ఒకసారి, దీపం లేకుండా ఒకసారి, రెండూ ఉంచి మూడుసార్లు చేయండి. ఆ మూడోసారి కూడా మీకు విసుగు రాకపోతే నిస్సందేహంగా దరఖాస్తు చేయండి.