మచ్చను కరిగించే ముందు

చి. సాహితికి,
పెద్దమ్మ ఆశీస్సులు.

నీ పరిశోధనాంశం ఖరారైందని మీ అమ్మ ఫోనులో చెప్పింది. క్లోమ గ్రంథి క్యాన్సర్‌లో కణితి చుట్టూ పేరుకునే పీచు కణజాలాన్ని టీజీఎఫ్-బీటా (మచ్చ కట్టమని కణాలకు చెప్పే సంకేత ప్రొటీన్) నిరోధకంతో పలచబరిచి, మందు లోపలికి వెళ్లడానికి దారి చేస్తావట. "మచ్చను కరిగించేస్తుందట అక్కా" అని మీ అమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది. ఆ మాటకు నా మనసు ఉప్పొంగిపోయింది. ఆ రాత్రి నిద్ర కూడా పట్టలేదు. ఫోనులో చెబితే సగం మరిచిపోతాను, మిగతా సగం నువ్వు వినవు. అందుకని రాస్తున్నాను.

ముందుగా నీకు తెలిసినవే గబగబా చెప్పేస్తాను. కణాలకు మైకోప్లాస్మా బ్యాక్టీరియా పరీక్ష క్రమం తప్పకుండా చేయించు. తెప్పించుకున్న కణశ్రేణి నిజంగా అదేనని డీఎన్ఏ పరీక్షతో రూఢి చేసుకో. ఏ ఎలుకకు మందు పడిందో స్లైడు చదివే మనిషికి తెలియనివ్వకు. నోటుపుస్తకం ఏ రోజుది ఆ రోజే రాయి.

కాస్త ఆగి ఆలోచించాల్సింది టీజీఎఫ్-బీటాను కొలిచే దగ్గర. ఆ అణువు కణం నుంచి బయటికి వచ్చేటప్పుడే ఒక ప్రొటీన్ తొడుగు వేసుకుని వస్తుంది. తొడుగు ఊడితే తప్ప, కణంపై దాన్ని అందుకునే గ్రాహకాన్ని తాకలేదు. ప్రొటీన్‌ను కొలిచే ఎలైజా పరీక్షకు ముందు నమూనాలో ఆమ్లం కలిపి తిరిగి తటస్థం చేస్తావు చూడు, అప్పుడు వచ్చే అంకె మొత్తం నిల్వది. అందులో పనిలో ఉన్నది ఎంతో ఆ అంకె చెప్పదు. నిల్వ పెరిగిందని చూపించి, సంకేతం పెరిగిందని రాసేసిన వ్యాసాలు నేను చాలానే చదివాను. కణం లోపల ఆ సంకేతాన్ని మోసే స్మాడ్2 ప్రొటీన్‌కు ఫాస్ఫేట్ తగులుకుందో లేదో చూడు, సాక్ష్యం అక్కడ దొరుకుతుంది. ఇంకొకటి, నువ్వు కణాలకు పోసే సీరంలోనే ఈ అణువు దండిగా ఉంటుంది. గడ్డకట్టిన రక్తం నుంచి తీసిందే కదా, ప్లేట్‌లెట్లు తమ దగ్గర దాచుకున్నదంతా అందులోనే కుమ్మరిస్తాయి. కణాలు లేని ఉత్త మాధ్యమాన్ని కూడా కొలిచాకే మిగతా అంకెలు నమ్ము.

ఒక ప్రయోగం మాత్రం ఎవరికీ అప్పగించకుండా నీ చేతులతో చెయ్యి. కొల్లాజెన్ అనే పీచు ప్రొటీన్ ద్రావణంలో, ఆ పీచును తయారుచేసే ఫైబ్రోబ్లాస్ట్ కణాలను కలిపి పళ్లెంలోని చిన్న గుంటల్లో పొయ్యి. వెచ్చగా ఉంచితే జెల్‌గా గట్టిపడుతుంది. సన్నటి మొనతో అంచు చుట్టూ వదులుచేసి, ఒకదానిలో టీజీఎఫ్-బీటా వెయ్యి, రెండోదానిలో వెయ్యకు. మర్నాడు వచ్చి చూస్తే మొదటిది ముడుచుకుపోయి గుంట మధ్యలో చిన్న తెల్లటి బిళ్లగా తేలుతూ ఉంటుంది. రెండోది అంతగా ముడుచుకోదు. ఫైబ్రోబ్లాస్టులు కండర తంతువుల వంటివి పెంచుకుని మయోఫైబ్రోబ్లాస్టులై, పట్టి లాగితే వచ్చిన బలం అది. తెగిన చర్మం అంచులను దగ్గరికి చేర్చేది ఆ బలమే. ఊపిరితిత్తిని బిగించి మనిషికి ఊపిరాడకుండా చేసేదీ అదే. గాయం మూసుకున్నాక ఆ కణాలు తమంతట తాము చనిపోవాలి. చనిపోకుండా పని కొనసాగిస్తే ఫైబ్రోసిస్, అంటే మచ్చ కట్టే జబ్బు. నీ పరిశోధన ప్రతిపాదనలో "హానికర సంకేతం" అని రాశావని విన్నాను. ఆ బిళ్లను ఒక్కసారి కళ్లారా చూసి, అప్పుడు ఆ మాట ఉంచాలో తీసేయాలో నువ్వే నిర్ణయించుకో.

ఈ రంగంలో మా తరానికి 1986 గొప్ప ఏడాది. కణాల పెరుగుదల కారకాలను కనుగొన్నందుకు రీటా లెవీ-మొంటాల్చినీకి, స్టాన్లీ కోహెన్‌కు ఆ ఏడాదే నోబెల్ వచ్చింది. ఎలుక పిల్లలకు లాలాజల గ్రంథి సారం ఎక్కిస్తే కళ్లు ముందుగానే తెరుచుకోవడం చూసి, దాని వెంటపడి ఈజీఎఫ్ అనే పెరుగుదల కారకాన్ని పట్టుకున్నాడు కోహెన్. అదే ఏడాది అనితా రాబర్ట్స్, మైకేల్ స్పోర్న్ బృందం అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల చర్మం కింద టీజీఎఫ్-బీటా ఎక్కించింది. రెండు మూడు రోజుల్లో అక్కడ కొత్త రక్తనాళాలు, కొల్లాజెన్ పుట్టుకొచ్చాయి, గాయమే లేని చోట గాయం మానుతున్నట్టు! అదే ఏడాది హెరాల్డ్ డ్వోరాక్ కణితులను మానని గాయాలుగా చూడాలని రాశాడు. ఆ వ్యాసం ప్రతి మా విభాగంలో చేతులు మారి మారి అంచులు నలిగిపోయింది. గాయం స్లైడూ కణితి స్లైడూ పక్కపక్కన పెట్టుకుని పోలికలు వెతుక్కునేవాళ్లం. ఎంత ఉత్సాహంగా ఉండేదో చెప్పలేను. నువ్వు ఇప్పుడు ఆ ఉత్సాహంలోనే ఉన్నావని మీ అమ్మ గొంతులోనే తెలిసింది.

అయితే అదే ఉత్సాహం కొన్నేళ్ల తర్వాత ఎంతోమందిని తప్పుదారి పట్టించింది. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే.

క్లోమ క్యాన్సర్ స్లైడు మొదటిసారి చూసిన విద్యార్థులు "క్యాన్సర్ ఏదీ?" అని అడుగుతారు. మాసన్ ట్రైక్రోమ్ రంజకం వేస్తే కనుచూపు మేర కొల్లాజెన్ నీలం. ఆ నీలంలో అక్కడక్కడ వంకరపోయిన నాళికలు, ఒక్కోచోట దారి తప్పినట్టు రెండు మూడు కణాలు. రక్తనాళాలు తక్కువ, ఉన్నవి కూడా నొక్కుకుపోయి ఉంటాయి. ఆ దృశ్యం చూసినవారెవరికైనా మందు లోపలికి ఎలా వెళుతుందన్న అనుమానం రావడం సహజం. 2009లో ఒక బృందం ఎలుకల్లో హెడ్జ్‌హాగ్ అనే సంకేతాన్ని అడ్డుకుని చూపింది. పీచు కణజాలం పలచబడింది, రక్తనాళాలు పెరిగాయి, జెమ్‌సైటబిన్ అనే క్యాన్సర్ మందు కణితిలోకి ఎక్కువగా చేరింది, ఎలుకలు మరికొన్నాళ్లు బతికాయి. అంతా నిజాయితీగా చేసిన పని. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. దాన్ని నమ్మి రోగులపై పరీక్షలు మొదలుపెట్టారు. 2012 జనవరిలో, హెడ్జ్‌హాగ్‌ను అడ్డుకునే సారిడెగిబ్ అనే మందుతో జరుగుతున్న పరీక్షను ఆపేయాల్సి వచ్చింది. జెమ్‌సైటబిన్‌తోపాటు కొత్త మందు పడినవారి కంటే, దానితోపాటు ఉత్తుత్తి మందు పడినవారే ఎక్కువ కాలం బతుకుతున్నారు. సాహితీ, ఈ వాక్యం మళ్లీ ఒకసారి చదువు.

కారణం బయటపడడానికి మరో రెండేళ్లు పట్టింది. 2014లో రెండు బృందాలు వేర్వేరు దారుల్లో వెళ్లి ఒకే చోటికి చేరాయి. ఒకరు ఎలుక క్లోమంలో హెడ్జ్‌హాగ్ జన్యువునే తీసేశారు. మరొకరు కణితి చుట్టూ ఉన్న మయోఫైబ్రోబ్లాస్టులను చంపేశారు. రెండు చోట్లా పీచు తగ్గింది, కణితి మాత్రం మరింత మొరటుగా, రూపం కోల్పోయిన కణాలతో పెరిగి ఎలుకలను త్వరగా చంపింది. 2021లో ఆ కణాల నుంచి మొదటి రకం కొల్లాజెన్‌ను మాత్రమే తీసేసినా వ్యాధి వేగం పెరిగిందని తేలింది. ఆ కణజాలంలోనే ఉండే హయలురోనిక్ ఆమ్లాన్ని కరిగించే ఎంజైముతో చేసిన పెద్ద పరీక్ష కూడా 2019లో రోగుల ఆయుష్షు పెంచలేకపోయింది. మందుకు అడ్డుపడుతోందని అందరూ పీకేయబోయిన కంచె, లోపలి పశువును బయటికి పోనివ్వకుండా కట్టడి చేస్తోంది కూడా.

పొరపాటు ఎక్కడ జరిగిందని నేను చాలా ఆలోచించాను. 2009లో అడిగింది "మందు లోపలికి వెళ్లిందా" అన్న ప్రశ్న. దానికి జవాబు సరిగ్గానే వచ్చింది. "ఆ కణజాలం అక్కడ ఏం పని చేస్తోంది" అన్న ప్రశ్న ఎవరూ గట్టిగా అడగలేదు. పైగా అవి ముదిరిన కణితులున్న ఎలుకలు, కొద్ది వారాల్లో కథ ముగిసిపోయింది. ఎక్కువ కాలం ఆగి చూసే అవకాశం వాటికి లేదు. నీ ప్రణాళికలో కూడా కణితి పరిమాణం, మందు గాఢత కొలుస్తానని ఉందట. అక్కడే నా గుండె గుభేలుమంది. కాలేయానికి పాకిందా లేదా చూడు. మిగిలిన కణితిలో నాళికల రూపం నిలిచిందో చెదిరిపోయిందో తెలిసినవారితో చదివించు. కొన్ని ఎలుకలకు మధ్యలో మందు ఆపి, ఆ తర్వాత ఏమవుతుందో చూడు. మార్గదర్శకులు సమయం వృథా అంటే, ఈ ఉత్తరం చూపించు.

టీజీఎఫ్-బీటా విషయంలో ఇంకో చిక్కుంది. క్లోమ క్యాన్సర్లలో దాదాపు సగంలో, ఈ సంకేతాన్నే మోసే స్మాడ్4 ఉండదు. 1996లో దాన్ని కనుగొన్నదే ఈ క్యాన్సర్లలో కనిపించకుండా పోయిన జన్యువుగా. స్మాడ్4 ఉన్న కణాన్ని టీజీఎఫ్-బీటా అదుపులో పెట్టగలదు, చంపనూ గలదు. అలాంటి కణితిలో నువ్వు సంకేతాన్ని అడ్డుకుంటే పీచుతోపాటు ఆ అదుపు కూడా పోతుంది. అందుకని రెండు రకాల కణాలూ పెట్టుకో. పాంక్-1 కణశ్రేణిలో స్మాడ్4 ఉంది, బీఎక్స్‌పీసీ-3లో లేదు. కాకపోతే బీఎక్స్‌పీసీ-3లో ఈ క్యాన్సర్లలో సాధారణంగా మారిపోయి ఉండే కేరాస్ జన్యువు మామూలుగానే ఉంటుంది. ఆ ఒక్క జోడీతో తేడాకు కారణం స్మాడ్4 అని తీర్పు చెప్పేయకు. ఒకే కణశ్రేణిలో ఆ జన్యువును తీసి, తిరిగి పెట్టి చూస్తే అప్పుడు నమ్ముతాను.

ఇక గుండె. మందులు చేసేవారికి గుండె చివర్లో గుర్తొస్తుంది, అదే నా భయం. హెర్2 గ్రాహకం లేని ఎలుక పిండాలు గుండె సరిగా ఏర్పడక చనిపోతాయని 1995లోనే తెలుసు. 2001లో, ఆ గ్రాహకాన్నే అడ్డుకునే రొమ్ము క్యాన్సర్ మందు ట్రాస్టుజుమాబ్ పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఆంత్రాసైక్లిన్ అనే రకం క్యాన్సర్ మందుతో కలిపి ఇచ్చిన చోట నూటికి 27 మందికి గుండె పనితీరు దెబ్బతింది. మందు గొప్పది, ఎంతోమంది తల్లులను బతికించింది. ఇప్పుడు గుండెను కనిపెట్టుకుంటూ ఇస్తున్నారు. అయినా ఎలుక పిండం చెప్పిన మాట ఆరేళ్ల ముందే మన చేతుల్లో ఉంది కదా అన్న బాధ నాకు పోలేదు. నీ నిరోధకాల సంగతీ అంతే. టీజీఎఫ్-బీటా గ్రాహకాన్ని అడ్డుకునే మందులు ఎలుకల గుండె కవాటాల్లో రక్తస్రావం, వాపు తెచ్చాయని 2011లో వచ్చింది. అదే కోవకు చెందిన గాలునిసెర్టిబ్‌ను 14 రోజులు ఇచ్చి 14 రోజులు ఆపే పద్ధతి అందుకే పెట్టారు. నీ ఎలుకల గుండెను పారేశావంటే ఊరుకోను.

మీ ప్రయోగశాలలోనే ఊపిరితిత్తుల ఫైబ్రోసిస్ పని కూడా ఉందట కాబట్టి ఒక మాట. ఊపిరితిత్తుల్లో పీచు పుట్టించే బ్లియోమైసిన్ ఇచ్చిన ఎలుకలో మొదటి వారమంతా వాపుదే రాజ్యం, పీచు పడేది ఆ తర్వాత. మొదటి రోజు నుంచే మందు ఇచ్చి ఫైబ్రోసిస్ నయమైందని రాయకు. ఇమాటినిబ్ అనే మందు ఎలుకల్లో బాగానే పనిచేసింది, రోగుల్లో ప్రయోజనం లేదని 2010లో తేలింది. అలాగని నిరాశపడకు. రక్తనాళాల పెరుగుదలను ఆపి క్యాన్సర్‌ను కట్టడి చేయాలని మొదలైన నింటెడానిబ్ అనే మందు పీడీజీఎఫ్, ఎఫ్‌జీఎఫ్, వీఈజీఎఫ్ అనే పెరుగుదల కారకాల గ్రాహకాలను అడ్డుకుని 2014లో ఊపిరితిత్తుల రోగులకు మందయింది. పడిన మచ్చను అది తీసేయదు, జబ్బు వేగాన్ని తగ్గిస్తుంది. మెట్లెక్కలేని మనిషికి ఆ కాస్త కాలం ఎంత విలువైనదో నీకు నేను చెప్పాలా? ఆ రోగులకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు కూడా ఎక్కువ. ఎక్కడో నక్కి ఉన్న క్యాన్సర్ కణంపై టీజీఎఫ్-బీటా పెట్టిన అదుపును మనమే తీసేస్తామేమోనన్న బెంగ నాకు ఆ రోగుల స్లైడ్లు చూసినప్పటి నుంచే పట్టుకుంది. టీజీఎఫ్-బీటాను అడ్డుకునే ఫ్రెసోలిముమాబ్ తీసుకున్న క్యాన్సర్ రోగుల్లో కొందరికి చర్మంపై కెరటోఅకాంథోమాలనే గడ్డలు లేచాయని చదివాక ఆ బెంగ ఇంకా పెరిగింది.

ఇంత భయపెట్టి వద్దంటున్నానని అనుకోకు. నువ్వు చేయకపోతే ఇంకెవరో ఈ జాగ్రత్తలేవీ లేకుండా చేస్తారు. నీకు చిన్నప్పటి నుంచీ ఏదైనా విరిగితే ఎందుకు విరిగిందో తేల్చుకున్నాకే అతికించే అలవాటు. ఈ పనికి కావాల్సింది సరిగ్గా అదే. సెలవు రోజుల్లో కూడా ఇంక్యుబేటర్ పక్కనే కూర్చుంటావని, అమ్మ ఫోను చేస్తే ఎత్తవని విన్నాను. కణాలు రెండు గంటలు నువ్వు లేకుండా బతుకుతాయి. అమ్మకు నువ్వే ఫోను చెయ్యి.

మొదటి బృందం ఎలుకల పని పూర్తయ్యాక క్లోమం, కాలేయం, గుండె మూడింటి స్లైడ్లూ స్కాన్ చేసి పంపు. గుండెను కవాటాలు కనిపించేలా నిలువుగా కోయించు, అడ్డంగా కోస్తే అవి తప్పిపోవచ్చు. ఏ ఎలుక ఏ గుంపుదో నాకు చెప్పకు, అంకెలు మాత్రం వెయ్యి. నేను చదివి రాసి పంపాకే నీ జాబితా విప్పు.

ప్రేమతో,
పెద్దమ్మ