మోషన్లు కాదు, మూత్రం లెక్కపెట్టండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పాపకు 14 నెలలు, బరువు 9 కిలోలు. మూడు రోజులుగా నీళ్ల విరేచనాలు, రోజుకు ఎనిమిది తొమ్మిది సార్లు. దవడ పళ్లు వస్తున్నాయి, అందుకేనని మా అత్తయ్య అంటున్నారు. పాలు, పెరుగు ఆపేయమంటున్నారు. మొదటి రోజు జ్వరం వస్తే మెడికల్ షాపులో అడిగి సిరప్ తెచ్చి పోశాం. తగ్గుతోంది, మళ్లీ వస్తోంది. మోషన్స్‌కి మా పెద్దబాబుకు ఇదివరకు రాసిన సిరప్ ఫ్రిజ్‌లో ఉంటే అదే అర చెంచా ఇస్తున్నాను. ఓఆర్‌ఎస్ జ్యూస్ ప్యాకెట్ ఆపిల్ ఫ్లేవర్‌ది తెచ్చాం, అది మాత్రం ఇష్టంగా తాగుతోంది. నిన్న సాయంత్రం నుంచి డైపర్ పెద్దగా తడవలేదు. నిద్ర ఎక్కువగా పోతోంది. మోషన్స్ ఒకటి రెండు తగ్గినట్టే ఉన్నాయి. పాప బరువు తక్కువ ఉందని చుట్టాలందరూ అంటున్నారు. బరువు పెరగడానికి మంచి టానిక్ చెప్పగలరు. – ఒక పాఠకురాలు, పల్నాడు జిల్లా

జవాబు: అమ్మా, టానిక్ సంగతి తర్వాత చూద్దాం. డైపర్ తడవలేదు, నిద్ర ఎక్కువ పోతోంది అని చివర్లో మామూలుగా రాసేశారే, అసలు విషయం ఆ రెండే. నిన్న సాయంత్రం నుంచి మూత్రం సరిగా రాని 14 నెలల పిల్లను ఇవాళే పిల్లల డాక్టర్‌కు చూపించాలి. రేపు కాదు. మీ మెయిల్ చూడగానే డెస్క్ వాళ్లతో మీకు ఫోన్ చేయించాను. పాప కాస్త ఆడుకుంటోందని చెప్పారట. సంతోషమే, అయినా తీసుకెళ్లమనే చెప్పించాను. ఇలాంటి లక్షణాలుంటే వెబ్‌సైట్లకు ఉత్తరం రాసి జవాబు కోసం ఎదురుచూడకూడదు. మేం మెయిల్ ఎప్పుడు చూస్తామో మాకే తెలియదు. ఇక్కడ రాస్తున్నది ఎక్కువగా మిగతా తల్లిదండ్రుల కోసం. పాపను చూడకుండా చెప్పగలిగేది కూడా ఇంతవరకే.

విరేచనాలు పట్టుకున్న పసిపిల్లల విషయంలో ఇంట్లో అందరూ మోషన్లే లెక్కపెడతారు. నిన్న తొమ్మిది, ఇవాళ ఏడు, కాబట్టి తగ్గుతోంది అనుకుంటారు. ఒంట్లో నీరు అయిపోతుంటే, తాగేది కూడా తగ్గితే, మోషన్లు తగ్గినట్టు కనిపించడం మామూలే. మేం అడిగే మొదటి ప్రశ్న మోషన్ల గురించి కాదు, చివరిసారి మూత్రం ఎప్పుడు పోసింది అని. సగం మందికి జవాబు తెలియదు, ఎందుకంటే నీళ్ల విరేచనంలో డైపర్ తడిసింది మూత్రంతోనో మోషన్‌తోనో తేల్చలేం. అందుకే విరేచనాలున్న నాలుగు రోజులూ పగలు డైపర్ తీసేయండి. పాత నూలు చీర మడతపెట్టి వేయండి. ఉతుక్కోవడం కష్టమే, కాదనను. కానీ మూత్రం వచ్చిందా లేదా, ఏ రంగులో వచ్చింది, మోషన్‌లో రక్తం ఉందా, అన్నీ కంటికి కనిపిస్తాయి. మెలకువగా ఉన్న పిల్ల ఆరు గంటలపాటు మూత్రం పోయకపోతే ఫోన్ చేయడం కాదు, బయల్దేరాలి.

ఇంట్లో చూసుకోదగ్గవి ఇంకొన్ని ఉన్నాయి. కళ్లు లోపలికి పోయినట్టుండటం. ఏడుస్తుంటే కన్నీళ్లు రాకపోవడం. నాలుక ఆరిపోవడం. ఈ వయసులో మాడు ఇంకా పూర్తిగా మూసుకుపోకపోవచ్చు. కూర్చోబెట్టి, ఏడవనప్పుడు చేత్తో తడిమితే గుంటలా తగులుతుందేమో చూడండి. బొడ్డుకు పక్కన పొట్ట చర్మాన్ని రెండు వేళ్లతో మడతగా పట్టి వదిలితే వెంటనే సర్దుకోవాలి. రెండు సెకన్లు అలాగే నిలబడితే పరిస్థితి తీవ్రంగా ఉన్నట్టు. అన్నిటికన్నా ముఖ్యం, తాగే తీరు. ఆత్రంగా గ్లాసు లాక్కుని తాగితే ఒంట్లో నీరు తగ్గింది, ఇంకా సమయం ఉంది. చెంచా నోటి దగ్గర పెట్టినా పట్టించుకోకుండా మత్తుగా ఉంటే సమయం లేదు. 108కి ఫోన్ చేయండి, దగ్గర్లో ఏ ఆసుపత్రి ఉంటే అక్కడికి వెళ్లండి. మోషన్‌లో రక్తం, ఆకుపచ్చ వాంతులు, పొట్ట ఉబ్బడం, తాగిందంతా కక్కేయడం, వీటికీ ఇంటి వైద్యం లేదు.

ఇప్పుడు మీరు పోసిన సిరప్‌ల దగ్గరికి వస్తాను. నాకు అసలు టెన్షన్ వీటితోనే.

జ్వరానికి షాపులో ఇచ్చిన సిరప్ పేరు మీరు రాయలేదు. సీసా వెనక చదవండి. పారాసిటమాల్ ఒక్కటే ఉందా, పక్కన మెఫెనమిక్ యాసిడ్ అనో, ఐబుప్రోఫెన్ అనో ఉందా? మన దగ్గర ‘జ్వరం గట్టిగా ఉంది’ అంటే కౌంటర్ మీదికి ఈ జోడీ సిరప్‌లే వస్తాయి. జ్వరం త్వరగా దిగుతుంది, తల్లి సంతోషిస్తుంది, మరుసటిసారి అదే అడిగి కొంటుంది. ఒంట్లో నీరు తగ్గిన పిల్లకు ఈ మందులు కిడ్నీకి రక్తం వెళ్లే దారిని ఇంకా బిగిస్తాయి. అసలే మూత్రం రావడం లేదంటున్నారు, కాబట్టి మీ పాపకు ఇది చిన్న విషయం కాదు. వానాకాలం జ్వరాల్లో డెంగీ ఏదో, మామూలు వైరల్ ఏదో మొదటి రోజే తెలియదు. డెంగీలో ఈ మందులు రక్తస్రావానికి కూడా దారితీయవచ్చు. డాక్టర్ చూసి రాస్తే వేరు. షాపులో అడిగి తెచ్చినదైతే ఇక పోయవద్దు.

పారాసిటమాల్ ఒక్కటే అయినా కొలతలో జరిగే పొరపాట్లు వారానికోసారైనా నా దగ్గరికి వస్తాయి. డ్రాప్స్‌లో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. సిరప్‌లో ఐదు మిల్లీలీటర్లకు 120 లేదా 125 ఒక రకం, 250 ఇంకో రకం. మందు ఒకటే, సీసాలు మూడు. కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్కన 9 కిలోల పాపకు ఒక మోతాదు 135 మిల్లీగ్రాములు. అంటే డ్రాప్స్ అయితే 1.3 మిల్లీలీటర్లు, 120 సిరప్ అయితే ఐదున్నర, 250 సిరప్ అయితే 2.7. డ్రాప్స్ సీసా నుంచి ఒక చెంచా నిండా పోస్తే ఒక్కసారే 500 మిల్లీగ్రాములు లోపలికి పోతాయి. ఆరేడు గంటలకోసారి అలా పోస్తూ పోతే లివర్ దెబ్బతింటుంది. వంటింటి చెంచాలతో కొలవకండి, సీసాతో వచ్చిన మూత లేదా సూది లేని సిరంజి వాడండి. రెండు మోతాదుల మధ్య ఆరు గంటలు ఉంటే మంచిది. ఈ లెక్క మీ పాప బరువుకు చెప్పింది. పక్కింటి పిల్లకు పనికిరాదు. లివర్ జబ్బు ఉన్న పిల్లలకైతే ఇదీ కాదు.

రెండోది, పెద్దబాబుకు మిగిలిన సిరప్. ఎప్పటిదో కూడా మీరు రాయలేదు. నీళ్లు కలిపి తయారు చేసే పొడి సిరప్ అయితే, ఫ్రిజ్‌లో పెట్టినా చాలావాటికి వారం రోజులే ఆయుష్షు. సీసా మీద ఉండే ఎక్స్‌పైరీ తేదీ విప్పని సీసాకు. రెడీమేడ్ సిరప్ అయినా అది బాబుకు, బాబు బరువుకు, బాబు జబ్బుకు రాసింది. ఈ వయసు పిల్లల్లో నీళ్ల విరేచనాలు ఎక్కువ భాగం వైరస్‌ల వల్లే వస్తాయి. మీ దగ్గరున్న సిరప్ యాంటీబయోటిక్ అయితే అది వాటి మీద పనిచేయదు. పైగా పేగుల్లో ఉండే మంచి బ్యాక్టీరియాను చంపి మోషన్లు ఇంకా పెంచవచ్చు. రక్తం పడుతుంటే, కలరా అనుమానం ఉంటే, పిల్ల బాగా నీరసించి ఉంటే మేం రాస్తాం. ఆ తేడా పిల్లను చూసి తేల్చేది, ఫ్రిజ్ తలుపు తీసి తేల్చేది కాదు. ఇక పెద్దవాళ్లు వేసుకునే మోషన్లు ఆపే మాత్ర ఉంది చూడండి, అది ముక్క చేసి తేనెలో నాకించే ఇళ్లూ ఉన్నాయి. మీరు చేశారని అనడం లేదు. అది పసిపిల్లల పేగుల కదలికను ఆపేస్తుంది. మోషన్ బయటికి రాదు, లోపలే నిలిచి పొట్ట ఉబ్బుతుంది, పిల్ల మత్తులోకి జారుతుంది. ‘రాత్రి నుంచి మోషన్ లేదండీ, హాయిగా పడుకుంది’ అంటూ తెచ్చిన పిల్లలను ఐసీయూలో పెట్టాల్సి వచ్చింది.

జ్యూస్ ప్యాకెట్ గురించి. అది అసలు ఓఆర్‌ఎస్ కాదు. 2025 అక్టోబర్‌లో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇలాంటి డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అనే మాట ఏ రూపంలోనూ ఉండకూడదని ఆదేశించింది. అంతకుముందు, ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా కాదని ఒక మాట రాసి అమ్ముకోవచ్చని 2022లో సడలింపు ఇచ్చారు. అది పోయింది. దీని వెనక హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం ఉంది. అయినా షాపుల్లో జనం ఇంకా పాత పేరుతోనే అడుగుతున్నారు, అలవాటు అలాంటిది. అసలు ఓఆర్‌ఎస్‌లో లీటరు నీటికి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9 గ్రాములు ఉంటాయి. పేగు ఎంత పాడైనా గ్లూకోజ్, ఉప్పు సరైన పాళ్లలో కలిసి వస్తే లోపలికి పీల్చుకుంటుంది, వాటి వెంట నీరూ వెళ్తుంది. పళ్లరసం తరహా డ్రింకుల్లో చక్కెర లీటరుకు 100 గ్రాముల దాకా ఉండొచ్చు. అంత చక్కెర పేగులోకి చేరితే అది ఒంట్లో నీటినే పేగులోకి లాగుతుంది. పిల్ల ఇష్టంగా తాగుతుంది, మోషన్లు పెరుగుతాయి. తియ్యగా ఉంటే ఏ పిల్ల తాగదు? 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటి, పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలి సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ నీళ్లు డ్రమ్ముల్లో కలిపించి బంధువుల చేతనే తాగించారు. సుమారు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం లోపుకు పడిపోయాయి. ఆ నీళ్లకు ఆపిల్ ఫ్లేవర్ లేదు.

అసలు ఓఆర్‌ఎస్ పొడి పెద్ద ప్యాకెట్ అయితే మొత్తం ఒక లీటరు నీటిలో కలపాలి, చిన్న ప్యాకెట్ అయితే 200 మిల్లీలీటర్లలో. ఖాళీ లీటరు వాటర్ బాటిల్ దీనికి మంచి కొలత. కాచి చల్లార్చిన నీళ్లు పోయండి. కొందరు పొడి వృథా కాకూడదని అర గ్లాసులో కొంచెం వేసి ఉప్పగా కలుపుతారు, కొందరు రుచి కోసం చక్కెర కలుపుతారు. రెండూ ప్రమాదమే. చిక్కటి ఓఆర్‌ఎస్ వల్ల రక్తంలో ఉప్పు పెరిగి ఫిట్స్ వచ్చిన పిల్లలు ఉన్నారు. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. మీ పాప వయసుకు ఒక్కో మోషన్ తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, చెంచా చెంచాగా, నిమిషానికో రెండు నిమిషాలకో ఒకటి. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్లీ ఇంకా నెమ్మదిగా మొదలుపెట్టండి. పాలసీసాలో పోసి ఒకేసారి తాగిస్తే కక్కకుండా ఏం చేస్తుంది? ఇది ఒంట్లో నీరు ఇంకా తగ్గని పిల్లలకు. మీ పాపకు ఎంత పట్టాలో చూసిన డాక్టర్ లెక్కకట్టాలి. సెలైన్ పెట్టాలంటే కంగారు పడొద్దు. మీ అంతట మీరు ‘ఒక సీసా ఎక్కించండి’ అని మాత్రం అడగవద్దు.

జింక్ మరచిపోకండి. ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు, 14 రోజులు. మోషన్లు మూడో రోజే ఆగిపోయినా కోర్సు పూర్తి చేయాలి. నీళ్లలో కరిగే బిళ్ల, చెంచా నీళ్లలో వేస్తే చాలు. ఓఆర్‌ఎస్, జింక్ రెండూ పీహెచ్‌సీలో, ఆశా కార్యకర్త దగ్గర ఉచితంగా దొరుకుతాయి. 300 రూపాయల మందులు కొన్న ఇంట్లో ఇవి మాత్రం ఉండవు.

పళ్ల సంగతి. పన్ను వచ్చేటప్పుడు చిగుళ్లు నొప్పి పెడతాయి, చొంగ కారుతుంది, చిరాకు పడతారు. రోజుకు తొమ్మిది నీళ్ల విరేచనాలు, జ్వరం పన్ను వల్ల రావు. దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసూ పళ్లొచ్చే వయసూ ఒకటే కావడంతో నింద పన్ను మీద పడుతుంది. అత్తయ్య గారి మీద కోపం లేదు, పాలు, పెరుగు ఆపమనడం మాత్రం సరికాదు. తల్లిపాలు ఇస్తుంటే ఇంకా ఎక్కువసార్లు ఇవ్వండి. పెరుగన్నం, మెత్తటి పెసరపప్పు కిచిడీ, అరటిపండు, ఇడ్లీ, ఏది తింటే అది కొంచెం కొంచెంగా. పాలల్లో నీళ్లు కలపొద్దు. రెండు వారాలు దాటి మోషన్లు సాగితే అప్పుడు పాల సంగతి డాక్టర్ ఆలోచిస్తారు.

టానిక్: వద్దు. 14 నెలల ఆడపిల్లకు 9 కిలోలు సరిపోయే బరువే. చుట్టాలు తూకం వేసి అనరు. ఆకలి పుట్టించే సిరప్‌లు కొన్నిటివల్ల మత్తు వస్తుంది, ఇప్పుడు మీ పాపకు అది అస్సలు పనికిరాదు. నెలనెలా అంగన్‌వాడీలో తూకం వేయించి గ్రాఫ్ చూసుకోండి, గీత పైకి పోతుంటే చాలు.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆ రెండు సిరప్ సీసాలూ వెంట తీసుకెళ్లండి, పేర్లు నోటితో చెప్పడం కాదు, సీసాలే చూపించండి. ఎన్నిసార్లు ఎంతెంత పోశారో కాగితం మీద రాసుకోండి, దాచకుండా చెప్పండి, ఎవరూ తిట్టరు. టీకాల కార్డు కూడా. రోటావైరస్ చుక్కలు ఆరు, పది, పద్నాలుగు వారాలకు పడ్డాయో లేదో డాక్టర్ చూస్తారు. పడకపోయి ఉంటే ఈ వయసులో ఇక వేయరు. తొమ్మిది నెలల మీజిల్స్ టీకా తప్పి ఉంటే మాత్రం అది వేయించుకోవచ్చు. దారి పొడవునా చెంచాతో ఓఆర్‌ఎస్ పడుతూనే వెళ్లండి.