బాబుకు మాత్ర వేయడం అవిశ్వాసం కాదు

అమ్మా,

కందుకూరు దగ్గరి పల్లె నుంచి మీరు రాసిన ఉత్తరం చదివాను. పుట్టగానే ఏడవని మీ బాబుకు సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు అదుపు తప్పే స్థితి) అని డాక్టర్లు తేల్చారనీ, ఏడేళ్లు నిండినా గోడ పట్టుకుంటే తప్ప నిలబడలేడనీ, అప్పుడప్పుడూ ఫిట్స్ వస్తాయనీ రాశారు. మొన్నటి ఉపవాస ప్రార్థనల్లో, మందు వేస్తే దేవుణ్ణి నమ్మనట్టేనని మీ అత్తగారు మాత్రలు దాచిపెట్టారు. రెండో రాత్రే బాబును ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోవలసి వచ్చింది. ఆనాటి నుంచి మీ భర్త ఆరాధనకు రావడం మానేశారు. “అమ్మ పాపం చేసిందనే తమ్ముడు ఇలా పుట్టాడా?” అని పదేళ్ల పాప అడిగింది. ఇక ప్రార్థన రావడం లేదని బాధపడుతున్న మీకు ఏ మాట ముందు చెప్పాలా అని ఆలోచించి, మాత్రల సంగతితోనే మొదలుపెడుతున్నాను.

ఫిట్స్ మందును ఉన్నట్టుండి ఆపితే, ఒక ఫిట్ తగ్గకముందే మరొకటి వచ్చి ప్రాణం మీదికి తెచ్చే ప్రమాదం ఉంది. మోతాదు తగ్గించినా, మందు మార్చినా అది డాక్టరు చేయవలసిన పని. ఏ మొక్కుబడికీ, ఏ ఉపవాసానికీ దానిని ముడిపెట్టకూడదు. మళ్లీ ఫిట్స్ వస్తే బాబును పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, చేతిలో తాళాలు పెట్టడం వల్ల ఫిట్స్ ఆగవు. అయిదు నిమిషాలు దాటినా తగ్గకపోతే వెంటనే 108కి ఫోన్ చేయండి. ఈ విషయంలో అత్తగారి మాట కాదనవలసి వస్తే నిస్సంకోచంగా కాదనండి. మన ఒంగోలు, నెల్లూరు ప్రాంతాలకు సువార్త తెచ్చిన బాప్టిస్టు మిషనరీలు ప్రార్థనా మందిరాలతో పాటు ఆసుపత్రులనూ కట్టారని ఆవిడకు గుర్తుచేయండి. మందునూ విశ్వాసాన్నీ ఒకదానికొకటి శత్రువులుగా వారు చూడలేదు.

ఇక పాపం మాట. పుట్టు గుడ్డివాణ్ణి చూసి, పాపం చేసింది వీడా, వీడి తల్లిదండ్రులా అని శిష్యులు అడిగినప్పుడు, వీడూ కాదు, వీడి కన్నవారూ కాదు అని యేసు చెప్పినట్టు యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో ఉంది. మీ పాపను దగ్గర కూర్చోబెట్టుకుని ఆ భాగం చదివించండి. కడుపులో ఉన్నప్పుడో, కాన్పు సమయంలోనో, పుట్టిన కొత్తలోనో మెదడుకు దెబ్బ తగలడం వల్ల తమ్ముడి కండరాలు బిగుసుకుపోయాయని, అందులో ఎవరి తప్పూ లేదని తనకు అర్థమయ్యే మాటల్లో చెప్పండి. ఆ ప్రశ్న ఆ పిల్ల సొంతంగా వేసిందని నేననుకోను. పెద్దల మాటలు చెవిన పడి ఉంటాయి.

స్వస్థత కోసం ప్రార్థించవద్దని నేననను. అయితే సంఘం మీ బాబు విషయంలో ఎదురుచూడవలసింది స్వస్థత ఒక్కటే కాదు. సమూయేలు రెండో గ్రంథంలోని మెఫీబోషెతు, అంటే సౌలు రాజు మనవడు, అయిదేళ్ల వయసులో దాది చేతుల్లోంచి పడి రెండు కాళ్లూ కుంటివైన బిడ్డ, చివరి వరకూ కుంటివాడుగానే ఉన్నాడు. అయినా దావీదు రాజు అతనిని తన బల్ల దగ్గరే నిత్యం కూర్చోబెట్టి భోజనం పెట్టించాడు. సాక్ష్యం చెప్పడానికి బాబు నడిచే రోజు కోసం కాచుకుని ఉండకుండా, ఈ ఆదివారమే సండే స్కూల్లో తోటి పిల్లల మధ్య వాడికి చోటు ఇవ్వమని పాస్టరు గారిని మీరూ మీ భర్తా కలిసి అడగండి.

మీ అత్తగారిని చెడ్డ మనిషిగా చూడకండి. మనవడి మీద ప్రాణం పెట్టుకున్నందువల్లే ఆవిడకు ఆ భయం. రాత్రి మాత్రను ఆవిడ చేతే వేయించండి, వేసేముందు ప్రార్థన చేయమనండి. మీ భర్త మౌనాన్ని వెంటనే విశ్వాసం లేకపోవడంగా తీర్పు తీర్చవద్దు. ఆ రాత్రి బాబును ఎత్తుకుని పరుగెత్తింది ఆయనే కదా. మడమలు నేలకు ఆనేలా కాళ్లు మెల్లగా సాగదీసే వ్యాయామాన్ని ఫిజియోథెరపిస్టు దగ్గర ఆయనే నేర్చుకుని, రోజూ సాయంత్రం చేయించేలా ఒప్పించండి. మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో అడిగితే దారి చూపుతారు. నెల్లూరులో వికలాంగుల కోసం కేంద్ర ప్రభుత్వ ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది. బాబును బడిలో ఇంకా చేర్చలేదని రాశారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, నలభై శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల వరకు ఉచిత విద్య హక్కు కనుక, సర్టిఫికెట్ తీసుకుని హెడ్మాస్టరును కలవండి.

మీకు ప్రార్థన రావడం లేదన్నారు. కీర్తనల గ్రంథంలో ఎనభై ఎనిమిదో కీర్తన తెరిచి చూడండి; మొదటి నుంచి చివరి వరకూ మొరే, ఆఖరి మాట కూడా చీకటే. అంతటి నిస్పృహను కూడా ప్రార్థనగానే లెక్కించి పరిశుద్ధ గ్రంథంలో ఉంచారు. దేవుని ఎదుట మాటలు లేకుండా ఏడ్చిన మీ విశ్వాసం పోయిందని ఎవరూ అనలేరు. అయితే నిద్ర పట్టకపోవడం, అన్నం సహించకపోవడం వారాల తరబడి సాగుతుంటే అది వేరే సంగతి. దానికి మానసిక వైద్యుణ్ణి కలవాలి. ఆసుపత్రికి వెళ్లలేని రోజున ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలి మానస్ 14416కు ఫోన్ చేసి, ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.