ఒక్క ఇన్‌స్ట్రక్షన్ వెంటే నడువు

తమ్ముడూ,

నీ వ్యాసం చదివా. ప్రాసెసర్ గురించి తెలుగులో రాయాలన్న నీ తపన బాగా నచ్చింది, అందుకే మొహమాటం లేకుండా చెప్తున్నా. మొదటి పేజీ అంతా ప్రాసెసర్ మన ఆదేశాల్ని అర్థం చేసుకుంటుంది అని నడిపావు, అది తీసెయ్. అదేమీ అర్థం చేసుకోదు, బైట్లు తెచ్చుకుంటుంది, ఆ బిట్లని బట్టి లోపల ఏ సర్క్యూట్ పనిచేయాలో తేలిపోతుంది, అంతే.

ఒక్క ఇన్‌స్ట్రక్షన్ పట్టుకో. ఈఏఎక్స్ అనే రిజిస్టర్‌లో, అంటే ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ గదిలో, 5 పెట్టమని అసెంబ్లీ భాషలో మూవ్ ఈఏఎక్స్, 5 అని రాస్తాం కదా, ఇంటెల్ తరహా ఎక్స్86 ప్రాసెసర్లకైతే అసెంబ్లర్ దాన్ని హెక్స్ అంకెల్లో బీ8 05 00 00 00 అని ఐదు బైట్లు చేస్తుంది. బీ8 చూడగానే ప్రాసెసర్ తర్వాతి నాలుగు బైట్ల విలువని ఈఏఎక్స్‌లో పెడుతుంది. 5 ముందొచ్చి సున్నాలు వెనకెందుకున్నాయని చదివేవాళ్ళకి డౌటొస్తుంది, రానీ, నంబర్‌లో అన్నిటికంటే తక్కువ స్థానంలో ఉన్న బైట్‌ని ముందు పెట్టడం ఇంటెల్ పద్ధతని అక్కడే చెప్పెయ్.

ఫెచ్, డీకోడ్, ఎగ్జిక్యూట్ (తేవడం, విప్పి చూడడం, చేయడం) అని మూడు డబ్బాల బొమ్మేశావు, తప్పు కాదు గానీ మనసుకి ఎక్కదు. దాని బదులు ఈబీ ఎఫ్ఈ అనే రెండు బైట్లు చూపించు. ఈబీ అంటే జంప్, ఎఫ్ఈ అంటే ఇక్కడ మైనస్ 2. రెండు బైట్లు వెనక్కంటే దీనికి ముందున్న కోడ్‌లోకి పోవాలి కదా అనిపిస్తుంది, కానీ పోదు, తన మీదకే దూకి అక్కడే తిరుగుతూ ఉంటుంది, ఎందుకంటే లెక్క మొదలయ్యేది తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ అడ్రస్ నుంచి. తర్వాత చేయాల్సిన ఇన్‌స్ట్రక్షన్ అడ్రస్ పెట్టుకునే ఇన్‌స్ట్రక్షన్ పాయింటర్ ఎలా కదులుతుందో ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకైతే తెలీదు.

సీఎంపీ అనే ఇన్‌స్ట్రక్షన్ రెండు విలువల్ని పోలుస్తుందని ఒక్క ముక్కలో దాటేశావు, అసలు విషయం అక్కడే ఉందయ్యా! లోపల జరిగేది తీసివేత. జవాబు పారేసి ఫ్లాగులు, అంటే ఆ జవాబు ఎలాంటిదో చెప్పే ఒక్కో బిట్ గుర్తులు మాత్రం ఉంచుకుంటుంది, రెండూ సమానమైతే జీరో ఫ్లాగ్ 1 అవుతుంది, వెనకొచ్చే జేఈ (సమానమైతే దూకే జంప్) చూసేది ఆ ఒక్క బిట్‌నే, అసలు నంబర్లతో దానికి పనే లేదు. మనం సీ భాషలో రాసే ఇఫ్ చాలాసార్లు కిందికొచ్చేసరికి ఇదే అవుతుంది.

పలు ఇన్‌స్ట్రక్షన్లని ఒకేసారి దశలవారీగా నడిపే పైప్‌లైన్ గొడవ ఇందులో వద్దు. ఇప్పటి ప్రాసెసర్లు లోపల వరస మార్చి చేసినా, జంప్ ఎటు పోతుందో ముందే ఊహించినా, రిజిస్టర్లలో చివరికి మిగిలేది వరసగా చేస్తే వచ్చే ఫలితమే అని ఒక్క వాక్యం చాలు. ఆ ఊహ తప్పినా కాష్ అనే వేగమైన చిన్న మెమరీలో జాడలు మిగులుతాయని చూపించిన స్పెక్టర్ అనే భద్రతా లోపం, 2018లో బయటికొచ్చింది కదా, దాన్ని వేరే వ్యాసంగా రాయి.

ఇంకోటి, రాసేముందు జీడీబీ అనే డీబగ్గర్‌లో స్టెప్ఐ కమాండ్ కొడుతూ ఒక్కో ఇన్‌స్ట్రక్షన్‌కీ ఏ రిజిస్టర్ మారిందో నీ కళ్ళతో చూడు. సీఎంపీ దాటాక ఫ్లాగులుండే ఈఫ్లాగ్స్ రిజిస్టర్ పక్కన జెడ్ఎఫ్ (జీరో ఫ్లాగ్) కనిపిస్తే ఆ లైన్ ఉన్నదున్నట్టు వ్యాసంలో పెట్టెయ్, పెట్టాక మళ్ళీ నాకు పంపు.